పట్టాల్లేని కేటీ దారి

సెయింట్ లూయిస్‌లో ఉంటున్న మాకు సెలవొస్తే కేటీ ట్రైలే. మిస్సోరీ రాష్ట్రంలో దాదాపు 240 మైళ్ల సైకిలు దారి, సగానికి పైగా మిస్సోరీ నది వెంటే. ఈ మార్గంలో రైళ్లు 1986లో ఆగిపోయాయి. పట్టాలు తీసి సున్నపురాతి పొడి పరిచారు. రైలు కోసం వేసిన కట్ట కదా, ఎత్తుపల్లాలు తక్కువ. నా మోకాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

అసలు చిక్కంతా నేలతోనే. రైలు కంపెనీకి చాలాచోట్ల ఉన్నది దారి హక్కు మాత్రమే. రైలు పోయాక భూమి మాదేనన్నారు పక్క ఆసాములు. 1983 నాటి ఫెడరల్ చట్టం ఉపాయం చెప్పింది: మార్గాన్ని వదిలేసినట్టు కాదు, మళ్లీ రైలుకు అవసరపడొచ్చని అట్టేపెట్టినట్టు, ఈలోగా జనం వాడుకోవచ్చు. 1990లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, భూయజమానులు పరిహారం అడగొచ్చంది. నాకది న్యాయమే అనిపిస్తుంది. మా గోదావరి వైపు పుంత కోసమే తరాల తగాదాలు!

నిర్వహణ రాష్ట్ర పార్కుల శాఖది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకే వరకే అనుమతి. కారూ మోటారుసైకిలూ రాకూడదు, కుక్కకు గొలుసుండాలి. 1993 వరదలకు చాలా మేర దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు. రోచ్‌పోర్ట్ దగ్గరి పాత రైలు సొరంగంలో మా పిల్లల కేకలను ఆపే నిబంధన మాత్రం ఇంకా రాలేదు.