ఉప్పు రాయికీ, పుట్టబోయే బిడ్డ చెవికీ లంకె

నిజామాబాద్: బిడ్డకు రెండేళ్లు నిండినా మాట రాకపోతే 'వాళ్ల నాయనకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అని సరిపెట్టుకోవడం మన పల్లెల్లో పరిపాటి. వెనుక గిన్నె పడితే బిడ్డ తిరిగి చూస్తున్నదా లేదా అన్నది గమనించేవారు తక్కువ. చెవిలో పడని మాట నోట రాదు. ఆ చెవి తయారయ్యేది తల్లి కడుపులో.

చెవుడుకు కారణాలు అనేకం. వాటిలో ముందే ఆపగలిగినది ఒకటి వున్నది. మెడ ముందు భాగంలో వుండే థైరాయిడ్ గ్రంథి హార్మోను అనే రసాన్ని తయారు చేస్తుంది. దానికి ముడిసరుకు అయోడిన్. చెరుకు అందనిదే చక్కెర రాదన్న సంగతి, 2015లో శక్కర్‌నగర్ మిల్లు మూతపడినా, బోధన్ రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇదీ అంతే.

కడుపులోని బిడ్డకు సొంత గ్రంథి పని మొదలుపెట్టేది సుమారు మూడు నెలలు నిండాక. అంతవరకు తల్లి రసమే ఆధారం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టలు తిరిగిన భాగం వుంటుంది. అందులో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు, వాటిపై పొర, మెదడుకు కబురందించే నరాలు సక్రమంగా ఏర్పడాలంటే ఈ రసం కావాలి. ఆరో నెలకల్లా బిడ్డ శబ్దాలు వినసాగుతుంది. ఆలోగా తీవ్రమైన లోటు పడితే, పుట్టాక ఎన్ని మందులు వాడినా పోయిన వినికిడి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అయోడిన్ లోటుపై దేశంలో గట్టిగా పనిచేసినవారిలో శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ముఖ్యులు. 1956లో మొదలుపెట్టి హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఆయన బృందం అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి చూడగా గొంతువాపులు తగ్గాయి. 1962లో కేంద్రం గాయిటర్ నివారణ కార్యక్రమం చేపట్టింది. అది కొండవాళ్ల జబ్బు, మంజీర ఒడ్డున మనకెందుకు అనడానికి లేదు. మైదానాల్లోనూ ఈ లోటు బయటపడింది.

తినే ఉప్పులో అయోడిన్ వుండి తీరాలని 2006 నుంచి చట్టం అమలులో వున్నది. అయినా చవకని పశువులకు తెచ్చిన దొడ్డుప్పే వంటింట్లోకీ చేరుతుంది. మట్టి పోవాలని దాన్ని కడుగుతారు కూడా! గర్భిణికి రోజుకు కావలసిన అయోడిన్ 250 మైక్రోగ్రాములు. మనిషి జీవితకాలానికంతా కలిపితే ఒక చెంచాడు. అందుకని ఉప్పు ఎక్కువ తినవద్దు, అయోడిన్ గుర్తున్న పొట్లం కొంటే చాలు. దాన్ని మూతగల డబ్బాలో పొయ్యికి దూరంగా వుంచండి. కూర దించే ముందు వేయండి.

థైరాయిడ్ మాత్ర వాడుతున్న కోడలికి నెల తప్పగానే 'కడుపుతో మందులేమిటి' అని కొందరు అత్తలు మాన్పిస్తున్నారు. ఇది పెద్ద పొరపాటు. అప్పుడు మాత్ర మోతాదు పెంచవలసి రావడమే ఎక్కువ. కాన్పయ్యాక రెండు మూడు రోజులకు బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేస్తారు. లోటు వుంటే రెండు వారాల్లోపే మాత్ర మొదలుపెట్టాలి. చెవి పరీక్షకు సూది కూడా అక్కరలేదు. బోధన్‌లోనైనా, నిజామాబాద్‌లోనైనా ఆస్పత్రి నుంచి ఇంటికి బయలుదేరే ముందు ఈ రెండూ చేశారా అని డాక్టరమ్మను అడగండి.