ఇంటి మూల పడియున్న పాత యినుము

దాళ్వా కోతలు ముగిసి పొలములు ఖాళీయైన దినములలో మన గ్రామవీథులలో పాత యినుప సామాను కొనువాని కేక వినవచ్చుచుండును. పూర్వము కావడితోను, పిదప సైకిలుతోను వచ్చినవాడు ఇప్పుడు మూడుచక్రముల మోటారుబండిపై వచ్చుచున్నాడు. అంతియే భేదము. రైతు పసులపాక వెనుక త్రుప్పుపట్టి పడియున్న దంతయు నొక్క కుప్పగా తెచ్చి కాటాపై పడవేయును. అరిగిన కర్రులు, విరిగిన పారలు, రోటవేటరు కత్తులు, పంపు ముక్కలు, కాలిన మోటారు, తీగచుట్టలు అన్నియు నొకే ధరకు పోవును. ఇంటిముందు శుభ్రమైనదని గృహిణి సంతోషించును. ఆ కుప్పలో నేమేమి యున్నదో చూచువారు మిక్కిలి యరుదు.

గత సంవత్సరము మేమొక గ్రామమునకు విత్తనశుద్ధి చేసి చూపుటకై పోయినపుడు, అచ్చటి సంఘ సభ్యుడొకడు కాలిపోయిన అయిదు గుర్రపుబలముల మోటారును ఇట్లే యినుప ధరకు అమ్ముట చూచితిమి. అందులో రాగితీగ యున్నదని అతడెరుగకపోలేదు. "విప్పుకొని కూర్చుండుటకు తీరిక యెవరికి అయ్యగారూ" అనెను. కొన్నవాడు మాత్రము రావిచెట్టు నీడను కూర్చుండి, ఉలితోను సుత్తితోను అరగంటలో రాగినంతయు ఊడదీసి వేరు సంచిలో కట్టుకొనెను. రాగి ధర పాత యినుము ధరకు పదిరెట్లకు పైబడియే యుండును. అతని అరగంట కూలి మన రైతు దినకూలికి ఎన్నిరెట్లో పాఠకులే లెక్కించుకొనవచ్చును. (కొన్ని చౌకరకపు మోటారులలో రాగికి మారుగా అల్యూమినియపు తీగ చుట్టుదురు. గీచి చూచినచో తెల్లగా నుండును. అదియు ఇనుముకంటె ప్రియమైనదే.)

ఇట్లు వేరుచేయుట రైతు లాభమునకే కాక ఉక్కు మేలునకు గూడ నవసరము. ఎట్లన, మన యూరినుండి పోయిన యినుము పట్టణపు గిడ్డంగి చేరును. అచ్చట మందపు ముక్కలను గ్యాసుమంటతో కోయుదురు. పలుచని రేకులను యంత్రములో నొక్కి దిమ్మలు చేయుదురు. పంపు పెంకులవంటి పోత యినుమును వేరుచేసి, మరల పోతపోయు కార్ఖానాలకు పంపుదురు. మూతబిగించిన గొట్టములు, సిలిండర్లు ఉన్నచో తప్పక తెరువవలెను. వానిలో నీరు నిలిచియున్న యెడల కరగిన లోహములో పడిన క్షణముననే ఆవిరియై ప్రేలి, కొలిమివద్దనున్న కూలీల ప్రాణములు తీయును. తక్కిన యినుమంతయు విద్యుత్తు కొలిమిలో పడును. ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి కరగును. కొలిమిలో 1600 డిగ్రీలవరకు వేడిచేయుదురు. మన్ను, త్రుప్పు మున్నగునవి చిట్టెముగా పైకి తేలును. దానిని తీసివేసి, లోహమును దిమ్మలుగా పోసి, ఎఱ్ఱగా కాచి, రోలర్ల నడుమ సాగదీసి కడ్డీలు చేయుదురు. మీరమ్మిన కర్రు మీ గ్రామపు పాఠశాల కప్పులోనికే కడ్డీయై తిరిగివచ్చినను ఆశ్చర్యపడ నక్కరలేదు. ఒక టన్ను పాత యినుము ఈ విధముగా మరల ఉక్కైనచో సుమారు 1,400 కిలోల ఇనుప ఖనిజమును, 740 కిలోల బొగ్గును త్రవ్వు పని తప్పునని లెక్క.

అయితే ఈ కొలిమి సర్వమును శుద్ధిచేయునని తలపరాదు. రాగి యొకసారి ఉక్కులో కరగినచో అది మండిపోదు, చిట్టెములో చేరదు, ఉక్కుతోనే యుండిపోవును. వేయిపాళ్లలో రెండుమూడు పాళ్లు మించినను, కడ్డీని సాగదీయునపుడు పైపొర క్రింద రాగి ద్రవమై పగుళ్లు పట్టును. మోటారు నడుమ తీగను వదలివేసి ఇనుముతో కలిపి పంపినచో జరుగునది ఇదియే. చెట్టునీడను ఉలితో అరగంటలో నగు పనిని ఆ మహాకొలిమి ఎంత విద్యుత్తు త్రాగియు చేయజాలదు.

అమ్మకమునకు ముందు కుప్పను ఊరి కమ్మరికి చూపుట మేలు. లారీల కమాను పట్టీలు మంచి ఉక్కు. వానినుండి కొడవళ్లును గొడ్డళ్లును చేసికొనవచ్చును. అనుభవముగల కమ్మరి సానచక్రముపై ముక్కను తాకించి, నిప్పురవ్వలను చూచియే లోహము చెప్పగలడు. మెత్తని యినుము రవ్వలు పొడవుగా తిన్నగా పోవును. గట్టి ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తివలె విచ్చుకొనును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున తయారైన ఉక్కును కత్తులకై పారశీక వర్తకులు వచ్చి కొనిపోయిన దేశము మనది. అట్టి కులవృత్తివాని కన్ను ఊరిలోనే యుండగా అడుగకపోవుట మన యశ్రద్ధయే.

ఇక సీసమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మూడేండ్ల క్రిందట మాకు పరిచితుడైన యొక రైతు, ట్రాక్టరు బ్యాటరీ చెడిపోగా, తమ్ముని వలకు గుండ్లు పోసికొనుటకై దానిని పసులపాక వెనుక గొడ్డలితో పగులగొట్టెను. సీసము 327 డిగ్రీలకే కరగును గనుక కట్టెలపొయ్యి చాలును. కావలసినన్ని పలకలను మూకుడులో కరగించి, తక్కిన ముక్కలను, పొడిని అచ్చటనే వదలెను. సీసపు లవణములు నాలుకకు తియ్యగా నుండును; పశువులు నాకుటకు మరగును. వారము తిరుగకమునుపే ఒక పెయ్యదూడ మేత మానెను, పండ్లు కొరుకసాగెను, కన్ను కానక గోడకు తల మోపి నిలుచుండెను. పాము ముట్టినదని కొందరు, దిష్టియని కొందరు అనిరి. మేమును పొరబడితిమి, లేతజొన్న మేసినదేమోయని అడిగితిమి. పశువైద్యుడు వచ్చి, పాక వెనుకకు పోయి, ఆ పలకలను కాలితో కదిపి చూపువరకు మాకెవరికిని తోచలేదు. ఆ దూడ దక్కలేదు. రెండవ దూడ చికిత్సచే దక్కినది. ఆ యింటి నాలుగేండ్ల పిల్లవాడు కూడ అచ్చటనే ఆడుకొనువాడు. వాని రక్తమును పరీక్ష చేయించగా సీసము కనబడెను. పసివారి మెదడునకు సీసము చేయు కీడు పిదప మానునది కాదు. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

బ్యాటరీని పగులగొట్టి సంపాదింపదగిన దేమియు లేదు. క్రొత్తది కొనునపుడు పాతదానిని దుకాణమున ఇచ్చి, ధరలో తగ్గింపు అడిగి తీసికొనవలెను. పాత బ్యాటరీలను తిరిగి తీసికొను బాధ్యతను 2001 నాటి నిబంధనలు అమ్మకందార్లపై నుంచినవి. వానికి మారుగా 2022లో వచ్చిన నిబంధనలు ఆ భారమును తయారీదార్లపై నుంచినవి. అట్లే తీగలపై ప్లాస్టిక్కు తొడుగును కాల్చివేసి రాగి తీయువారున్నారు. ఆ నల్లని పొగ మహావిషము; పైగా కాలిన రాగి నల్లబడి ధర తగ్గును. చాకుతో తొడుగు చీల్చి తీసినచో రెండు నష్టములును తప్పును.

సంఘ సభ్యులు పూనుకొన్నచో ఈ వ్యాపారమును మరియొక విధముగా నడుపవచ్చును. సంఘపు గిడ్డంగిలో ఒక మూల కేటాయించి, ఇనుము, పోత యినుము, అల్యూమినియము, రాగి, ఇత్తడి వేర్వేరు కుప్పలుగా పోయవలెను. సూదంటురాయి ముక్క యొకటి దగ్గరనుంచుకొన్నచో ఇనుము ఏదియో పిల్లలు సయితము తేల్చగలరు. ప్రభుత్వ ముద్రగల సంఘపు కాటాపై తూచి, ఎవరిది ఎంతయో వ్రాసి, బండెడు సరకు కాగానే ఇద్దరు ముగ్గురు వర్తకులను పిలిచి ధర చెప్పించవలెను. రాగి తెచ్చినవాని పేరు, అది ఏ మోటారుదో తప్పక వ్రాయవలెను. ట్రాన్స్ఫార్మర్లను విప్పి రాగి దొంగిలించువారివలన ఎన్ని మళ్లు ఎండినవో మనకు తెలియును గదా. వానలు పడకమునుపే ఈ పని ముగించుట మంచిది. తడిసిన యినుమునకు త్రుప్పు, మన్ను అని వర్తకుడు తరుగు తీయును. పురుగుమందు డబ్బాలను మాత్రము ఈ కుప్పలలో కలుపరాదు. మందు కలుపునపుడే వానిని ముమ్మారు కడిగి ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి విడిగా నుంచవలెను.