కవల పెయ్య ఎందుకు గొడ్డుపోతుంది?

వేలూరు జిల్లాలోని ఒడుగత్తూరు, గుడియాత్తం పరిసరాలలో పాడిపశువులను పెంచే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవు సాధారణంగా ఈతకు ఒక దూడనే వేస్తుంది. ఎప్పుడో ఒకసారి కవలలు పుడతాయి. వాటిలో ఒకటి కోడెదూడ, రెండవది పెయ్యదూడ అయితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని ఆ పెయ్య పెరిగి పెద్దదైనా చూడి కట్టదు. ఇటువంటి పెయ్యలలో నూటికి 90కి పైగా గొడ్డువే. మేతలో లోపం లేదు, పెంపకంలోనూ లోపం లేదు. మరి కారణమేమిటి?

అండాలుగానో వీర్యకణాలుగానో మారవలసిన కణాలను బీజకణాలు అంటారు. వింత ఏమిటంటే, ఇవి అండాశయంలో గాని వృషణంలో గాని పుట్టవు. శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ఎక్కువగా చిట్టెలుక పిండాలలో పరిశీలించారు. చిట్టెలుక గర్భకాలం సుమారు 20 రోజులు. ఆరవ రోజున పిండాన్ని అంటి ఉన్న పొర నుండి బి.ఎం.పి.-4 అనే ప్రోటీను వెలువడుతుంది. దాని సంకేతం అందిన కొన్ని కణాలే బీజకణాలవుతాయి. ఏడవ రోజు దాటేసరికి అవి 40 మాత్రమే! ఈ ప్రోటీను లేని పిండాలలో బీజకణాలే ఏర్పడవని 1999లో తేలింది.

అవి పుట్టేది పిండం వెనుక కొసన. అక్కడి నుండి పేగు గోడ వెంబడి పాకుతూ బీజకోశం ఏర్పడే చోటికి చేరాలి. దారిలోని కణాలు కిట్ లిగాండ్ అనే మరొక ప్రోటీనును అందించి వాటిని బతికిస్తాయి. వెంట్రుకలకు రంగునిచ్చే కణాలకు, రక్తాన్ని తయారుచేసే కణాలకు కూడా ఇదే ఆధారం. అందుకే ఈ సంకేతం బాగా చెడిన ఎలుకలలో తెల్లమచ్చలు, రక్తహీనత, సంతానలేమి మూడూ కలిసి కనబడతాయి. అలాగని తెల్లమచ్చ ఉన్న ప్రతి ఆవూ గొడ్డుదని అనుకోరాదు.

గమ్యం చేరిన బీజకణాలకు చుట్టూ ఉన్న కణాలే దారి చూపుతాయి. వృషణంలో అవి విభజన ఆపి వేచి ఉంటాయి. అండాశయంలో వెంటనే క్షయకరణ విభజన మొదలుపెడతాయి.

ఇక ఆవు సంగతి. కవల దూడల మాయలలోని రక్తనాళాలు కలిసిపోతాయి. కోడెదూడ వృషణం ముందుగా తయారై ముల్లర్ నాళ నిరోధక హార్మోనును విడుస్తుంది. గర్భాశయంగా మారే నాళాలను అణచివేయడం దాని పని. కోడెకు అది అవసరమే. కాని అదే హార్మోను రక్తంతోపాటు పెయ్య ఒంటిలోకీ చేరుతుంది. దానితో పెయ్య గర్భాశయం ఎదగదు. అండాశయం కుంచించుకుపోయి బీజకణాలు నశిస్తాయి. రక్తంలో వచ్చే హార్మోనే ఇందుకు కారణమని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ లిల్లీ 1916లోనే ఊహించాడు.

రెండూ పెయ్యలే అయితే ఈ భయం లేదు. అనుమానం ఉంటే పశువైద్యుడు దూడ చిన్నదిగా ఉండగానే పరీక్షించి చెప్పగలడు. పెయ్య రక్తంలో కోడె కణాలు కూడా కనబడతాయి. మనుషులలో అక్కాతమ్ముళ్ళు కవలలుగా పుట్టినా వారి రక్తనాళాలు సాధారణంగా కలవవు, కనుక వారికి ఈ ఇబ్బంది రాదు. మేకలు తరచుగా రెండేసి పిల్లలను ఈనుతాయి. వాటిలోనూ నాళాలు కలవడం అరుదు. అందుచేత ఒడుగత్తూరు సంతలో కొన్న ఆడ మేకపిల్ల పోతుపిల్లతో కవలగా పుట్టినదే అయినా, మందలో పెరిగి చాలావరకు మామూలుగానే ఈనుతుంది.