జట్టునందలి ఐకమత్యము — దానిని కొలుచు విధము

చీమలదండు పామునైనను చంపగలదని మనము చిన్ననాడు నీతిశతకమున చదివితిమి. పదిమందిలో పాము చావదని లోకోక్తియు కలదు. ఈ రెండు మాటలును ఒకదాని కొకటి విరుద్ధముగా తోచును గాని, రెండును సత్యములే. పలువురు కూడినచో బలము హెచ్చునని మొదటిది చెప్పుచున్నది. పలువురున్నచోట ఎవరికి వారు ఇతరులు చూచుకొందురులెమ్మని యూరకుందురని రెండవది హెచ్చరించుచున్నది. క్రీడాస్థలమున దిగు ప్రతి జట్టును ఈ రెంటిలో ఏదో యొకటి యగుచుండును. అది యేది యగునో తెలిసికొను మార్గము కలదా? ఈ విషయమును శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా విచారించుచున్నారు. వారు కనుగొనిన దానిని విద్యార్థులకు ఉపకరించునట్లు ఇందు సంగ్రహముగా వివరించెదము.

మొదట పాము చావని సంగతిని చూతము. ఫ్రాన్సు దేశమున మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అను వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు 1882 మొదలు 1887 వరకు మనుష్యులచేత త్రాటిని లాగించి, వారి బలమును యంత్రముతో కొలిచెను. ఆ ఫలితములు 1913లో ప్రకటింపబడినవి. కలసి చేయు పనులనుగూర్చి ఆయన యిచ్చిన పట్టికలో, ఒంటరిగా పనిచేయువాని బలము 100 పాళ్లయినచో, ఇద్దరు కూడినప్పుడు తలకు 93 పాళ్లు, ముగ్గురు కూడినప్పుడు 85 పాళ్లు, ఎనమండుగురు కూడినప్పుడు 49 పాళ్లు మాత్రమే కనబడుచున్నవి. అనగా ఎనమండుగురు కలసి సుమారు నలుగురి పనియే చేయుదురన్నమాట.

ఈ నష్టమునకు కారణములు రెండు. అందరును ఒకే క్షణమున లాగకపోవుట మొదటిది. మనసు పెట్టి లాగకపోవుట రెండవది. వీనిని వేరుచేసి చూచుటకు 1974లో అమెరికాయందు కొందరు శాస్త్రజ్ఞులు ఒక యుక్తి పన్నిరి. ఒకని కండ్లకు గంతలు కట్టి, త్రాటి ముందుభాగమున నిలిపి, వెనుక పలువురు లాగుచున్నారని నమ్మించిరి. నిజమునకు వెనుకనున్నవారు లాగుచున్నట్లు నటించిరే కాని లాగలేదు. అయినను ఆ మనుష్యుడు ఒంటరిగా లాగినంత బలముతో లాగడయ్యెను. తోడివారున్నారను తలంపే వాని చేతిని సడలించినది! అయితే ఎవరి పాలు ఎంతయో విడిగా తెలియుననినచో ఈ సోమరితనము తొలగునని 1981లో మరియొక పరీక్షవలన తేలినది. కావున జట్టునందు ప్రతివాని శ్రమయు గుర్తింపబడుట ఐకమత్యమునకు మొదటి మెట్టు.

ఇక ఐకమత్యమన నేమి? స్నేహమే ఐకమత్యమని మనలో పలువురి యభిప్రాయము. కెనడా దేశస్థుడగు ఆల్బర్ట్ కారన్ అను పండితుడును, ఆయన సహచరులగు విడ్‌మేయర్, బ్రాలీ అనువారును దీనిని రెండుగా విభజించిరి. ఒకే లక్ష్యమునకై కలసి పాటుపడుట కార్యైక్యము. ఒకరియందొకరు ప్రీతి కలిగియుండుట స్నేహైక్యము. ఆటలో బంతిని తగినవానికి తగిన సమయమున అందించుట మొదటిది. ఆట ముగిసిన పిమ్మట కలసి భుజించుట, కలసి నవ్వుకొనుట రెండవది. ఈ రెండును ఒక్కటి కావనుటకు ప్రసిద్ధమైన దృష్టాంత మొకటి కలదు. 1960లో రోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఎనమండుగురు తెడ్లు వేయు పడవ పందెమున జర్మను జట్టు స్వర్ణపతకము గెలిచెను. ఆ పడవలో తెడ్డువేసిన హాన్స్ లెంక్ తరువాత పండితుడై, ఆ జట్టులో కక్షలును వైమనస్యములును తీవ్రముగా నుండెననియు, అయినను విజయము లభించెననియు 1969లో ప్రకటించెను. ఒడ్డున పరస్పరము సరిపడనివారు నీటిపై ఒకే లయతో తెడ్లు వేసిరి. దీనినిబట్టి కలహము మేలని తలంపరాదు. కార్యైక్యము వేరు, స్నేహైక్యము వేరు అనియే గ్రహింపవలెను.

1985లో కారన్ ప్రభృతులు ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు 18 వాక్యములు కలవు. ఆటగాడు ఒక్కొక్క వాక్యమునకు తన సమ్మతిని 1 మొదలు 9 వరకు గల అంకెతో తెలుపవలెను. కార్యమును స్నేహమును ఒక్కొక్కటి రెండేసి విధములుగా అడుగుటచేత నాలుగు శాఖలేర్పడినవి: జట్టు పనిలో నాకు గల తృప్తి, జట్టువారియందు నాకు గల ప్రీతి, పనిలో జట్టంతయు ఏకముగా నున్నదా, స్నేహమున జట్టంతయు ఏకముగా నున్నదా అనునవి. కొన్ని వాక్యములు వ్యతిరేకముగా వ్రాయబడినవి. వానికి వచ్చిన అంకెను 10 నుండి తీసివేసి మిగిలినదానిని గ్రహింపవలెను. 2 వ్రాసినచో 8 అగును. పిదప ఒక్కొక్క శాఖకు సగటు కట్టుదురు. పదుమూడు మొదలు పదునేడేండ్ల వయసువారికై 2009లో వేరొక ప్రశ్నావళి ఏర్పడినది. ఆ వయసున బాలురు నాలుగు భేదములను గాక, కార్యము, స్నేహము అను రెంటినే స్పష్టముగా గుర్తింతురని కనుగొని, దానిని రెండు శాఖలతోనే కూర్చిరి.

అయితే సగటును చూచి మోసపోరాదు. పండ్రెండుమంది గల జట్టులో అందరును 6 వ్రాసిరనుకొందము, సగటు 6. మరియొక జట్టులో ఆరుగురు 9, ఆరుగురు 3 వ్రాసిరనుకొందము. దాని సగటును 6 యే. మొదటిది ఒక జట్టు. రెండవది ఒకే చొక్కాలు తొడిగికొన్న రెండు జట్లు! కావున ఎవరు తక్కువ వ్రాసిరో కాక, ఎందరు తక్కువ వ్రాసిరో, ఎందుచేత వ్రాసిరో విచారింపవలెను. పత్రములపై పేర్లుండరాదు. నాయకుని యెదుట వ్రాయించినచో సత్యము వెలువడదు. నాయకునికి జట్టు ఎప్పుడును ఏకముగానే కనబడును. గట్టుమీద కూర్చుండి తన వంతుకై యెదురుచూచు బాలునికి తెలిసినది ఆతనికి తెలియదు.

ఐకమత్యమువలన జయము కలుగునా, జయమువలన ఐకమత్యము కలుగునా? 2002లో కారన్ ప్రభృతులు 46 పరిశోధనలను కలిపి పరిశీలించి, కార్యైక్యమును స్నేహైక్యమును రెండును జయముతో సంబంధము కలవియే యని తేల్చిరి. కాని గెలుపు సైతము ఐకమత్యమును పెంచును. గెలిచిన దినమున అందరును మిత్రులే. కావున ఒక్క గెలుపు పిమ్మట కొలిచి సంతోషింపక, ఆటల కాలమున పలుమారులు, ముఖ్యముగా ఓటమి పిమ్మట, కొలువవలెను. తప్పు ఒకనిపై మోపి తక్కినవారు తప్పించుకొను జట్టు అప్పుడే బయటపడును.

మరియొక హెచ్చరిక. మితిమీరిన సాన్నిహిత్యమువలన కీడును కలుగవచ్చును. మిత్రుడు నొచ్చుకొనునని అతని లోపమును చెప్పకుండుట, ఆటకు తగినవానిని విడిచి చెలికానిని ఎన్నుకొనుట, కాలు బెణికినను తోడివారికి భయపడి దాచుట, ఇవి యన్నియు అట్టివే. సత్యమును పలుకనీయని ఐకమత్యము ఐకమత్యము కాదు.

పౌలు అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికయందు సంఘమును దేహముతో పోల్చి, బలహీనములుగా కనబడు అవయవములు సైతము అవశ్యములని బోధించెను. ప్రశ్నావళులును అంకెలును దీనినే మరియొక రీతిగా తెలుపుచున్నవి. సోదర విద్యార్థులారా! మీ జట్టు ఐకమత్యమును కొలువదలచితిరేని, గోలు కొట్టినవానిని కాదు, ఆనాడు ఆడుటకు పిలువబడని వానిని ముందుగా అడుగుడు. ఈ జట్టు నాదియే యని యాతడు నిండు మనసుతో చెప్పగలిగిన దినమున మీది నిజముగా జట్టు.