క్రిల్లు : దక్షిణ సముద్రపు చిరుప్రాణి

జంతువులన్నిటిలో పెద్దది యేది యని యడిగినచో, నీలి తిమింగిలమని చిన్నతరగతి బాలుడు సైతము చెప్పగలడు. కాని యా మహాజంతువు దేనిని తిని యంత దేహమును పెంచుకొనుచున్నదని యడిగినచో పెద్దలును కొంత తడబడుదురు. దాని యాహారము మన చిటికెనవ్రేలంత పొడవు గల యొక చిన్నప్రాణి. దాని పేరు క్రిల్లు.

ఈ మాట నార్వే దేశపు భాషలోనిది. సన్నని చేపపిల్లలు అని దాని యర్థము. అయినను క్రిల్లు చేప కాదు. మనమెరిగిన రొయ్యకు దూరపు చుట్టము. లోకమందలి సముద్రములలో దీని జాతులు 80కి పైగా నున్నవి. వానిలో దక్షిణ ధ్రువఖండమును చుట్టియున్న హిమసముద్రమున వసించు జాతి మిక్కిలి ముఖ్యమైనది. అది సుమారు 6 సెంటీమీటరుల పొడవు, 2 గ్రాముల బరువు వరకు పెరుగును, ఐదారేండ్లు బ్రదుకును. దాని దేహము గాజువలె నుండుటచే కడుపులోని పచ్చని మేత బయటికి కనబడును. ముందరి కాళ్లమీది సన్నని వెండ్రుకలు జల్లెడవలె నమరియుండి, నీటిలో తేలియాడు కంటికగపడని సూక్ష్మ వృక్షజాలమును వడగట్టి నోటికందించును. దేహమందలి చిన్న దీపములవంటి యవయవముల నుండి నీలికాంతి వెలువడును.

ఒక్క క్రిల్లు స్వల్పమైనదే; కాని వాని మందలు స్వల్పములు కావు. ఒక్కొక్కప్పుడు మంద కొన్ని మైళ్ల పొడవున వ్యాపించి సముద్రజలమును ఎర్రబరచును. దక్షిణ సముద్రమందలి క్రిల్లు అంతయు కలిసి 30 కోట్ల నుండి 50 కోట్ల టన్నుల వరకు నుండునని శాస్త్రజ్ఞులు గణించిరి. తిమింగిలములు, పెంగ్విను పక్షులు, సీలు జంతువులు, చేపలు, సముద్రపక్షులు దీనిపై నాధారపడి యున్నవి. సీలు జంతువులలో నొకదానికి పీతలను తినునది యని పేరు వచ్చినది. కాని యది తినునది పీతలను గాదు, క్రిల్లునే. గడ్డిని మేయు గొఱ్ఱెలమంద పల్లెకెట్టిదో, ఆ సముద్రమునకు క్రిల్లు అట్టిది.

ఈ ప్రాణిని గూర్చిన శోధన యెట్లు ప్రారంభమయ్యెనో వినదగిన కథ. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున దక్షిణ జార్జియా ద్వీపము చుట్టును తిమింగిలముల వేట ముమ్మరముగా సాగినది. తిమింగిలములు నశించిపోవునేమో యను భయముచే, వాని నూనెపై విధించిన పన్ను సొమ్ముతోనే బ్రిటిషువారు 1925వ సంవత్సరమున శోధనకై ‘డిస్కవరీ’ యను నోడను పంపిరి. తిమింగిలములను తెలిసికొనవలెనన్న ముందు వాని మేతను తెలిసికొనవలెను గదా! అందుచే వలలు దించి క్రిల్లును పట్టి, కొలిచి, చోటును లోతును పుస్తకములలో వ్రాసి యుంచిరి.

ఇచట విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. 1921లో ప్రసిద్ధ నావికుడు షాకిల్టను దక్షిణ ధ్రువయాత్రకు బయలుదేరునపుడు ఇద్దరు స్కౌటు బాలురను తన యోడపై చేర్చుకొనెను. వారిలో జేమ్సు మార్ అను స్కాట్లండు యువకుడొకడు. అతడే పిమ్మట డిస్కవరీ శోధనలలో చేరి, క్రిల్లు జీవితమును ఏండ్ల తరబడి పరిశీలించి, 1962లో దానిని గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను.

ఇట్టి శోధనలవలన తెలిసిన సంగతులు ఆశ్చర్యకరములు. క్రిల్లు గ్రుడ్లు వందలకొలది మీటరుల లోతునకు దిగి యచట పొదుగబడును. వెలువడిన పిల్లలు చీకటిలో మేత లేకయే పైకి ఈదుకొనుచు వచ్చును. శీతకాలమున సముద్రముపై మంచు గడ్డకట్టగా, దాని యడుగుభాగమున నంటియున్న పచ్చని నాచువంటి సూక్ష్మజీవులను గీకి తినును. పెద్ద క్రిల్లు ఆకలిని తాళు విధము మరియు వింతయైనది. 1982లో ప్రకటింపబడిన యొక ప్రయోగమందు మేత లేకుండ నుంచిన క్రిల్లు 211 దినముల వరకు జీవించెను. కుబుసము విడిచిన ప్రతిసారియు దాని దేహము చిన్నదగుచు వచ్చెను! అందుచే పొడవును చూచి దాని వయస్సును చెప్పుట కష్టము. చెట్టు మానులోని వలయములవలె క్రిల్లు కంటికాడలో నేర్పడు వలయములను లెక్కించి వయస్సు నిర్ణయింపవచ్చునని 2017లో తేలినది.

వయస్సు తెలియుటవలన నేమి ప్రయోజనమని కొందరడుగవచ్చును. క్రిల్లును మనుష్యులును పట్టుచున్నారు. దానితో చేపల పెంపకమునకు మేతయు, ఔషధములలో వాడు నూనెయు తయారగుచున్నవి. ఏ ప్రాణి యెంతకాలమునకు పెరిగి పిల్లలను కనునో తెలియనిదే, దానిని ఎంత పట్టినచో నష్టము లేదో చెప్పజాలము. ఈ కారణముచేత అనేక దేశములు కలిసి చేసికొన్న యొడంబడిక 1982లో అమలులోనికి వచ్చెను. మన భారతదేశము 1986 నుండి యందు సభ్యత్వము గలది. క్రిల్లును మాత్రమేగాక, దానిని తిని బ్రదుకు జంతువులను గూడ దృష్టియందుంచుకొని వేటకు మితి యేర్పరుపవలెనని దాని నియమము. దక్షిణ అట్లాంటిక్ భాగమునకు ఏటికి 6,20,000 టన్నుల మితి నిర్ణయింపబడినది. 2025వ సంవత్సరమున నా మితి మొదటిసారిగా నిండుటచే వేటకాలము ముగియక మునుపే వేటను నిలుపవలసి వచ్చెను.

మరియొక చింత కలదు. ధ్రువ ద్వీపకల్పమునకు పడమట మంచు నిలుచు దినములు పూర్వముకంటె తగ్గినవి. మంచు తగ్గినచో క్రిల్లు పిల్లలకు శీతకాలపు మేత తగ్గును. 1926 నుండి నావికులు వ్రాసి యుంచిన లెక్కలను క్రొత్త లెక్కలతో పోల్చి చూచి, అట్లాంటిక్ భాగమున క్రిల్లు తగ్గినదని 2004లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇతరులు ఆ లెక్కలను వేరువిధముగా గణించి దాని నంగీకరింపలేదు. వాదము నేటికిని సాగుచున్నది. అయినను, చలిలో వణకుచు వ్రాసిన యా పాత పుస్తకములు లేనిచో వాదించుటకైనను ఆధారముండెడిది కాదు.

తుదకొక్క మాట. తిమింగిలములను రక్షించుటకై యారంభించిన శోధన ఫలించి మార్ గ్రంథము వెలువడునప్పటికి దక్షిణ సముద్రమున నీలి తిమింగిలములు మిక్కిలి కొద్ది మాత్రమే మిగిలియుండెను. జ్ఞానము వచ్చెను, కాని ఆశ దానికంటె ముందు పరుగెత్తెను. క్రిల్లు విషయమున నట్లు జరుగకుండుగాక! నేడు తరగతిలో తూనిక, కొలత, లెక్కలను శ్రద్ధతో నేర్చుకొను బాలబాలికలే రేపు ఆ పరుగును నిలుపగలవారు.