మంచు బండికి ఏ ఇంజిన్? తొందరపడి ‘డీజిల్’ అనొద్దు!

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి: ‘ట్యాంకులా ట్రాకుల మీద మంచులో నడిచే బండికి డీజిల్ ఇంజిన్ పెడతారా, పెట్రోల్ ఇంజిన్ పెడతారా?’ మెకానికల్ విద్యార్థుల నోటికి ముందొచ్చే జవాబు ‘డీజిల్ సార్, టార్క్ ఎక్కువ’. తప్పు కాదు. కానీ అక్కడితో ఆగితే సగం మార్కులే. బండి బరువెంత, ఎంత చలిలో తిరగాలి, ఇంధనం ఎక్కడి నుంచి వస్తుంది అని మీరే ఎదురు అడగాలి.

అంటార్కిటికాలో మన మైత్రి కేంద్రం 1989 నుంచి నడుస్తోంది. ఓడ ఆగే మంచు అంచు నుంచి అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. ఇంధనం, సామాన్లు స్లెడ్జీల మీదకెక్కించి పిస్టన్‌బుల్లీ లాంటి ట్రాకు బండ్లతో లాక్కెళ్తారు. అవి డీజిల్ ఇంజిన్లే. టార్క్ ఒక్కటే కారణం కాదు. లీటరు పెట్రోల్ కన్నా లీటరు డీజిల్‌లో శక్తి దాదాపు పది శాతం ఎక్కువ. పైగా డీజిల్ ఇంజిన్ దాన్ని పొదుపుగా వాడుకుంటుంది. అంటే మోయాల్సిన పీపాలు తగ్గుతాయి. కేంద్రానికి కరెంటిచ్చే జనరేటర్లవీ డీజిల్ ఇంజిన్లే కాబట్టి రెండో రకం ఇంధనం మోసే పని ఉండదు. మంట భయం మరొకటి. పెట్రోల్ ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలోనూ నిప్పురవ్వకు అంటుకుంటుంది. షెడ్డు తగలబడితే తలదాచుకోవడానికి అక్కడ పక్క ఊరుండదు కదా!

మరి డీజిల్‌కు ఇబ్బంది లేదా? స్టార్ట్ చేసేటప్పుడే తెలుస్తుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే డీజిల్‌లోని మైనమూ పేరుకుంటుంది. ఫిల్టర్ మూసుకుపోయి బండి ఆగిపోతుంది. అందుకే 2019లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్ తెచ్చింది. చలి ఇంకా ముదిరితే కిరోసిన్ జాతి ఇంధనాలవైపు వెళ్లాలి. విమానాలకు వాడే జెట్ ఏ-1 మైనస్ 47 వరకూ తట్టుకుంటుంది. కాకపోతే దానికి జిడ్డు తక్కువ. ఇంజెక్షన్ పంపు అరిగిపోకుండా అందులో వేరే పదార్థం కలపాలి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని 15 నుంచి 20 రెట్లు కుదించి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండించాలి. సిలిండర్ గోడలే మంచుగడ్డలా ఉంటే ఆ వేడి నిలవదు. బ్యాటరీ నీరసపడుతుంది, ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజినేమో తిప్పడానికి బరువు. గ్లో ప్లగ్‌లు, ఇంజిన్‌ను ముందే వెచ్చబరిచే హీటర్లు, 0డబ్ల్యూ రకం ఆయిల్ ఇందుకే. హీటర్‌కు కరెంటు దొరకని చోట ముందు లేచేది పెట్రోల్ ఇంజినే.

ఒకరిద్దరెక్కే స్నో స్కూటర్లలో పెట్రోలే ఎక్కువ. బరువు పెరిగితే మెత్తటి మంచులో కూరుకుపోతాయి మరి. అలాగని పెట్రోల్ చిన్న బండ్లకే అనుకోవద్దు. 1957-58లో వివియన్ ఫుక్స్ బృందం అంటార్కిటికాను 99 రోజుల్లో దాటింది. వాళ్ల స్నో-క్యాట్ బండ్లలో ఉన్నవి పెట్రోల్ వీ8 ఇంజిన్లే! ఇక హిమాలయాల్లోనైతే ఎత్తునూ లెక్కేసుకోవాలి. 5,000 మీటర్ల దగ్గర గాలి పీడనం దాదాపు సగమే కాబట్టి టర్బో లేని ఏ ఇంజినైనా ఆయాసపడుతుంది.

ఇదంతా పుస్తకాల కబుర్లు కాదు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం మన అంటార్కిటికా కేంద్రాల కోసం వెహికల్ మెకానిక్, వెహికల్ ఎలక్ట్రీషియన్, జనరేటర్ మెకానిక్ వంటి కాంట్రాక్టు పోస్టులకు ప్రకటనలిస్తుంటుంది. ఐటీఐ, డిప్లొమా వాళ్లకూ చోటుంది. అంటార్కిటికా వెళ్లేవాళ్లకు వైద్యపరీక్షలు, ఔలీలో ఐటీబీపీ వద్ద మంచు శిక్షణ ఉంటాయి. శీతాకాలమంతా ఉండే జట్టు దగ్గరికి నెలల తరబడి ఓడ రాదు. స్పేర్ పార్టు అంటే షెడ్డులో ఉన్నదే. ఆ పోస్టుకు దరఖాస్తు చేసే ముందు కాలేజీ ల్యాబులో ఒక్కసారైనా డీజిల్ ఫిల్టర్ విప్పి, మార్చి, లైన్లో ఎయిర్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. వీలైతే చేతికి గ్లవుజులు వేసుకుని!