గ్రంథానికి పేరు మిగిలింది... మరి భామతికి?

వాచస్పతి మిశ్రుడి కథ మనకి కొత్తేమీ కాదు. పురాణ కాలక్షేపాల్లో ఎక్కడో అక్కడ వినే ఉంటాం. మిథిలలో 9, 10 శతాబ్దాల కాలంనాటి మహాపండితుడాయన. శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యానికి వ్యాఖ్యానం రాయడానికి కూర్చుని లోకాన్నే మరిచిపోయాడట. వేళకి విస్తట్లోకి అన్నం వచ్చేది. చీకటి పడితే దీపం వెలిగేది. అవి ఎలా వస్తున్నాయో ఆయనకి పట్టలేదు. ఏళ్లు గడిచి, గ్రంథం పూర్తయిన రాత్రి, పక్కన వత్తి ఎగదోస్తున్న స్త్రీని చూసి "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడట.

ఆవిడ ఆయన భార్య. పేరు భామతి. అప్పటికి జుట్టు నెరిసింది. కడుపు పండలేదు. ఆయన మనసు కరిగి, తన గ్రంథానికి ఆమె పేరే పెట్టాడు. అద్వైత వేదాంతంలో 'భామతీ ప్రస్థానం' అని ఒక సంప్రదాయమే నిలిచిపోయింది.

కథ చెప్పేవాళ్లు ఇక్కడ ఆగి "ఆహా, ఏమి త్యాగం!" అంటారు. మనమూ కళ్లు తుడుచుకుని లేచి వస్తాం. నాకు మాత్రం ఆ 'ఆహా' దగ్గర ఎప్పుడూ గొంతులో ఏదో అడ్డుపడేది. అన్నేళ్లూ భామతి ఏమనుకుంటూ ఉండేది? దీపంలోకి నూనె ఎక్కడినుంచి తెచ్చేది? ఆమెకి జ్వరమొచ్చిన రోజున ఆ దీపం ఎవరు పెట్టారు? ఆమె మనసులో ఏముందో కథలో ఎవరూ అడగలేదు.

అడిగిన మనిషి ఒకావిడ ఉందని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడే మైథిలి రచయిత్రి ఉషాకిరణ్ ఖాన్. భామతినే నాయికగా నిలబెట్టి నవల రాసింది. దానికి 'ఒక మరపురాని ప్రేమకథ' అని ఉపశీర్షిక పెట్టింది. త్యాగకథ అనలేదు చూడండి, ప్రేమకథ అంది! త్యాగం ఒక్కరు చేస్తే చాలు, ప్రేమకి ఇద్దరు కావాలి. ఆ ఒక్క మాటతోనే భామతి దీపం వెనక చీకట్లోంచి ముందుకొచ్చి, వాచస్పతికి సమంగా కూర్చున్నట్టు అనిపించింది నాకు. ఆ నవలకి 2010 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

చరిత్ర చెప్పిన చేత్తోనే కథ

ఉషాకిరణ్ ఖాన్ 1945లో బీహారులోని దర్భంగా దగ్గర లహేరియాసరాయ్‌లో పుట్టింది. తండ్రి గాంధేయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు. హిందీలో 'నాగార్జున్'గా, మైథిలిలో 'యాత్రి'గా పేరుపొందిన కవి వైద్యనాథ్ మిశ్రా ఆ కుటుంబానికి ఆప్తుడు. పెద్ద కవి ఇంట్లో మనిషిలా మసలుతుంటే, పుస్తకం అంటే భయం పోయి చనువు పుడుతుంది కదా. ఆవిడ విషయంలో అదే జరిగింది.

ఉద్యోగరీత్యా ఆవిడ అధ్యాపకురాలు. ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు శాస్త్రం ఆవిడ సబ్జెక్టులు. పాట్నాలోని బి.డి. కాలేజీలో పాఠాలు చెప్పి, శాఖాధిపతిగా రిటైరయింది. సంసారం, కాలేజీ, రాత - మూడూ నడిపింది. 2015లో పద్మశ్రీ అందుకుంది. 2024 ఫిబ్రవరిలో పాట్నాలో కన్నుమూసింది.

చరిత్ర చదివిన మనిషికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. శాసనాల్లో దానమిచ్చిన రాజు పేరుంటుంది. తాళపత్రం మీద రాసిన పండితుడి పేరుంటుంది. వాళ్లకి వండిపెట్టిన చేతుల పేర్లు ఉండవు. మిథిల చరిత్రే తీసుకోండి. మండనమిశ్రుడి భార్య ఉభయభారతి, శంకరాచార్యులతోనే వాదానికి దిగిందని చెప్పుకుంటారు. విద్యాపతి మహాకవి పదాల్లో శివసింహ మహారాజు పక్కనే రాణి లఖిమాదేవి పేరు వినిపిస్తుంది. జనకుడి సభలో గార్గి ప్రశ్నలు మనకి తెలుసు. ఇందరు స్త్రీల పేర్లు తలుచుకునే నేల అది. కానీ వాళ్లు సొంతంగా రాసుకున్న మాట మన చేతికి పెద్దగా అందలేదు. కాగితాలు ఆగిపోయిన చోటినుంచి నవలతో ముందుకెళ్లింది ఉషాకిరణ్ ఖాన్. విద్యాపతి జీవితం మీద కూడా ఆవిడ హిందీలో 'సిరజన్‌హార్' అనే నవల రాసింది.

అలాగని రాణుల్నీ పండితుల భార్యల్నీ మాత్రమే పట్టుకుని కూర్చోలేదు. 'హసీనా మంజిల్' అనే మైథిలి నవలలో లక్కగాజులు చేసుకు బతికే ముస్లిం కుటుంబాల ఆడవాళ్ల కథ చెప్పింది. పెళ్లికూతురి చేతికి గాజు తొడిగే మనిషి ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికి పట్టింది? ఇంకో నవల పేరు 'దూర్వాక్షత్'. దూర్వలు, అక్షతలు. మనం అక్షతలు వేసి దీవించినట్టే, మైథిలులు గరికపోచలు, బియ్యపుగింజలు కలిపి చల్లి ఆశీర్వదిస్తారు. ఎక్కడి మిథిల, ఎక్కడి మనం! పెళ్లిపీటల దగ్గర మాత్రం ఒకటే.

వంటింటి భాష, పుస్తకాల భాష

ఆవిడ హిందీలోనూ రాసింది. హిందీలో రాస్తే పాఠకులు ఎక్కువ. అయినా మైథిలిని వదల్లేదు. ఆ భాషని చాలాకాలం "హిందీలో ఒక యాస" అని తీసిపారేశారు. సాహిత్య అకాడెమీ 1965లో గుర్తించింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరడానికి మాత్రం 2003లో జరిగిన 92వ సవరణ దాకా ఆగాల్సొచ్చింది. 2011 జనాభా లెక్కల్లో కోటీ 35 లక్షల మందికి పైగా మైథిలి తమ మాతృభాష అని చెప్పారు.

ఇంట్లో అమ్మ మాట్లాడే భాషకి బయట విలువ లేదంటే, అమ్మ మాటకీ విలువ లేనట్టే. మైథిలిలో రాయడమంటే ఆ మాటకి పీట వేయడమే. లిలీ రే 1982లో 'మరీచిక' నవలకి అకాడెమీ అవార్డు అందుకుని, మైథిలిలో ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ అయింది. తర్వాత నీరజా రేణు, ఉషాకిరణ్ ఖాన్, శేఫాలికా వర్మ. దారి పడింది.

మన ఇళ్లల్లో భామతులు

మా బంధువుల్లో ఒకావిడ గుర్తొస్తోంది. భర్త పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో థీసిస్ మొత్తం ఈవిడే తన ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసింది. చంటిబిడ్డని ఒళ్లో వేసుకుని, పగలంతా చాకిరీ చేసి, రాత్రి పదింటికి కలం పట్టేది. పుస్తకం అచ్చయినప్పుడు ముందుమాటలో గైడుకీ, లైబ్రేరియన్‌కీ పేరుపేరునా కృతజ్ఞతలున్నాయి. ఈవిడకి "నా అర్ధాంగికి" అని ఒక్క ముక్క. పేరైనా లేదు. "పోన్లేవే, నాకు తెలుసుగా" అని నవ్వేసిందావిడ. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వెయ్యేళ్ల క్రితం వాచస్పతి కనీసం పేరన్నా పెట్టాడు!

పేరు పెట్టడం గొప్పే. కాదనను. కానీ పేరు వేరు, మాట వేరు. భామతికి పేరు వాచస్పతి ఇచ్చాడు. మాట ఇవ్వడానికి మాత్రం మిథిలలోనే పుట్టిన ఇంకో ఆడమనిషి రావాల్సొచ్చింది.

ఈసారి ఎక్కడన్నా భామతి కథ వింటే, ఇంటికొచ్చాక మీ అమ్మగారినో అత్తగారినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లో ఎవరి చదువు, ఎవరి ఉద్యోగం, ఎవరి పుస్తకం ఆవిడ చేతిమీదుగా నడిచిందో అడగండి. మొదట "ఆఁ, నేనేం చేశానే!" అంటారు. కాస్త ఓపికపట్టి మళ్లీ అడగండి. చెప్పింది చెప్పినట్టు ఓ నోటుబుక్కులో రాసిపెట్టండి. పైన ఆవిడ పూర్తి పేరు రాయడం మాత్రం మరిచిపోకండి.